చదవకుండా వదిలిన ఒక్క రూలు

ఆ ఏడు చెస్ టోర్నమెంటుకు నన్నే ఆర్బిటర్‌గా వేశారన్న కబురు నాకు మొదట తెచ్చినవాడు లాంప్ రూం మస్తాన్. 1986, కార్తీక సోమవారం. ఉపవాసం ఉన్నాను, ఆఫీసులో ఫైలు కట్టలు విప్పుతున్నాను. గనిలోకి దిగే ప్రతి మనిషికీ టోపీకి పెట్టుకునే దీపం ఇచ్చి, పైకొచ్చాక వెనక్కి తీసుకునే గదిని లాంప్ రూం అంటారు. ఆ గదిలో పనిచేసేవారికి ఎవరు దిగారో, ఎవరు నాగా పెట్టారో, ఆఫీసులో ఏ కాగితం ఏ బల్ల మీదికి కదిలిందో అన్నీ తెలుస్తుంటాయి.

"అమ్మా, ఖమ్మం నుంచి వచ్చే సారుకు కామెర్లంట. ఈసారి మీరే కూసోవాలంట. ఆర్డరు టైపు కొడుతున్నరు, కళ్లార చూసొచ్చిన" అన్నాడు.

ఆడమనిషిని కూర్చోబెడితే మగవాళ్లు ఒప్పుకుంటారా అని అడిగాను.

"ఒప్పుకోక ఏంజేస్తరు? పరీక్ష పాసైంది ఈ ఏరియాల మీరొక్కరేనాయె. మీరు కాదంటే నన్ను కూసోబెడతరు. నాకు రాజుకూ మంత్రికీ తేడా తెల్వది" అని నవ్వి వెళ్లిపోయాడు.

నేను గనుల కంపెనీలో వెల్ఫేర్ సెక్షన్ గుమాస్తాను. టేకులపల్లి అడవి అంచున ఉండేది మా కాలనీ. కార్మికుల సెలవులు, దవాఖానా చీటీలు, క్లబ్బు ఆటల పోటీలు, వీటన్నిటి కాగితాలూ మా సెక్షన్‌లోనే నడిచేవి. అందుకే చెస్ ఆడే వాళ్లందరూ నాకు బాగా తెలుసు. నేనూ ఆడేదాన్ని, పెద్ద ఆటగత్తెను మాత్రం కాను.

ఆర్బిటర్ అంటే ఆటకు తీర్పరి. జోడీలు వేయడం, రెండు ముఖాల గడియారానికి కీ ఇచ్చి ఇద్దరికీ సమయం సరిగ్గా పెట్టడం, తగాదా వస్తే గడియారం ఆపి రూలు ప్రకారం చెప్పడం, చివర్లో రిపోర్టు రాయడం ఆ పని. అన్నిటికన్నా ముందు, మొదటి రౌండుకు ముందే, ఆటగాళ్లందరికీ రూల్స్ చదివి వినిపించాలి. ఈ ఆఖరిది చిన్న పనిలా కనపడుతుంది. నేనూ అట్లాగే అనుకున్నాను.

నేను బడికి పోయి చదువుకోలేదు. చిన్నతనంలో కీళ్లజ్వరం వచ్చి గుండెకు మంచిది కాదన్నారు. కల్లూరులో మా నాన్న వ్యవసాయం చేసేవారు, కృష్ణా జిల్లా నుంచి వచ్చి భూమి కొనుక్కున్న కుటుంబం మాది. పొలం నుంచి వచ్చి, మధ్యాహ్నం ఎండ దిగేదాకా నాకు అక్షరాలు, లెక్కలు, ఇంగ్లీషు చెప్పేవారు. చదువు చాలనిపించినప్పుడు టేకు చెక్కతో చెక్కించిన బొమ్మలు పేర్చి చదరంగం ఆడించేవారు. ఆ రుణం ఈ జన్మలో తీరేది కాదు. మెట్రిక్ ప్రైవేటుగా కట్టి పాసయ్యాను, ఉద్యోగం వచ్చింది. అంతా ఆ భద్రాద్రి రాముడి దయ.

అయితే ఇంటి చదరంగం వేరు, పోటీ చదరంగం వేరు. మా ఇళ్లల్లో ఆటకు బంటు ఎప్పుడూ ఒక్క అడుగే వేస్తుంది. రాజు ఒక్కసారి గుర్రంలా దూకొచ్చు. బంటు ఆఖరి గడికి చేరితే, ఆ గడి ఎవరి ఇల్లో ఆ బొమ్మగా మారుతుంది. ఏనుగు ఇంటికి చేరితే ఏనుగు, శకటు ఇంటికి చేరితే శకటు, రాజు ఇంటికి చేరితే మాత్రం మంత్రి. పోటీల్లో అట్లా కాదు. ఎక్కడ చేరినా మన ఇష్టం, రాజు తప్ప ఏ బొమ్మైనా పెట్టుకోవచ్చు. అందరూ మంత్రినే పెట్టుకుంటారు, దానికే బలమెక్కువ.

ఈ సంగతి నాకు ఖమ్మంలో ఆడిన మొదటి పోటీలో తెలిసింది. నా బంటు శకటు ఇంటికి చేరింది, నేను శకటును పెట్టాను. ఎదురుగా కూర్చున్న లెక్చరర్ గారు కళ్లజోడు సర్దుకుని, "అమ్మా, ఇది వంటింటి ఆట కాదు" అన్నారు. హాలంతా నవ్వింది. ఆ ఆట ఓడిపోయాను. ఓడిపోయినదానికి బాధ లేదు, ఆ నవ్వు మాత్రం చాలా కాలం చెవిలో ఉండిపోయింది. రూల్స్ పుస్తకం తెప్పించుకుని, డిక్షనరీ పక్కన పెట్టుకుని, రెండేళ్లు చదివి ఆర్బిటర్ పరీక్ష పాసయ్యాను. ఆట ఎక్కడ నేర్చుకున్నారని ఎవరైనా అడిగితే "పుస్తకాల్లో" అనేదాన్ని. నాన్న పేరు చెప్పలేదు. ఆ దాపరికమే తర్వాత జరిగినదానికి మూలం.

ఇక ఓదెలు సంగతి చెప్పాలి. ఈ జ్ఞాపకం ఆయన గురించే.

ఓదెలు కరీంనగర్ వైపు నుంచి ఇరవయ్యో ఏట బొగ్గు పనికి వచ్చాడు. కోల్ ఫిల్లర్. అంటే మందు పేల్చాక రాలిన బొగ్గును తట్టలతో ఎత్తి టబ్బులు నింపేవాడు. చదువు లేదు. చదరంగం మేనమామ దగ్గర నేర్చుకున్నాడు. ఆ మేనమామ ఊళ్లో దర్జీ. మిగిలిన గుడ్డపీలికలు కుట్టి చదరంగం పట ఒకటి చేసి, బట్టలు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్లతో మిషను పక్కనే కూర్చుని ఆడేవాడట. కాలనీకి వచ్చాక ఓదెలు పోటీ ఆట చూసి, బంటు రెండు అడుగులు వేయడం, రాజును కోటలో పెట్టడం నేర్చాడు. ఎత్తులు కాగితం మీద రాయాలన్నారని, గడుల పేర్లకు ఎనిమిది ఇంగ్లీషు అక్షరాలూ బొమ్మలకు ఇంకో నాలుగూ నేర్చుకున్నాడు. ఆయనకొచ్చిన ఇంగ్లీషంతా ఆ పన్నెండు అక్షరాలే. వాటిని ముత్యాల్లా రాసేవాడు.

ఏరియా పోటీల్లో ఆరేళ్లుగా ఆడుతున్నాడు. ఒకసారి మూడో స్థానం, రెండుసార్లు రెండో స్థానం. ఖమ్మంలో ఇద్దరు కాలేజీ చాంపియన్లను ఓడించాడు. భద్రాచలంలో ఒక పోటీలో గెలిచి స్టీలు బిందె తెచ్చుకున్నాడు. బయటి నుంచి వచ్చిన ఒక పెద్ద ఆటగాడు ఇరవైమందితో ఒకేసారి ఆడినప్పుడు ఓడిపోకుండా లేచిన ఇద్దరిలో ఓదెలు ఒకడు. ఎత్తులకు పుస్తకాల్లో ఉండే పేర్లేవీ ఆయనకు తెలియవు. ఎట్లా ఆడతావు అన్నా అని ఎవరైనా అడిగితే, "ఏముంది, ముందుగాల పైకప్పుకు దిమ్మెలు పెట్టాలె, తర్వాతనే బొగ్గు తియ్యాలె. ఉత్తగ ముందటికి పోతే మీద పడ్తది" అనేవాడు. నేను చూసినంతలో చదరంగం గురించి అంత సూటిగా చెప్పినవాళ్లు లేరు.

ఆ సంవత్సరం ఆయనకు నలభై ఆరు. మోకాళ్లలో నీరు చేరింది. మా గని దారి ఏటవాలు, షిఫ్టు అయ్యాక మైలు దూరం నడిచి పైకెక్కాలి. మెడికల్ బోర్డుకు రెండుసార్లు పంపాము, రెండుసార్లూ ఫిట్ అని రాశారు. ఇక మిగిలింది ఒక్కటే దారి. ఏరియా చాంపియన్‌కు కంపెనీ టీమ్‌లో చోటు దొరుకుతుంది. ఏరియాకు ఒక్కరే. టీమ్‌లో ఉన్నవాళ్లకు ప్రాక్టీసు కోసం సర్ఫేస్ డ్యూటీ, అంటే గనిలోకి దిగని పని ఇస్తారు. రాతలో ఎక్కడా లేదు, కానీ ఆనవాయితీ అట్లా ఉండేది. ఒకసారి పైన పని ఇచ్చాక మళ్లీ కిందికి దింపిన సందర్భం నాకు తెలిసి లేదు.

మస్తానే చెప్పాడు: "దీపం తిరిగిచ్చేటప్పుడు గోడ పట్టుకుని నిలబడతడమ్మా. ఈసారి గెలవకపోతే పైకెక్కుడు నాతోటి కాదు భాయ్ అన్నడు."

పోటీ మొదలైన రోజు పొద్దున క్లబ్బు హాల్లో పదహారుమంది ఆటగాళ్లు. రూల్స్ మూడు పేజీలు, ఇంగ్లీషులో, సైక్లోస్టైల్ తీసినవి. నేను ఒక్కో పేరా చూసి తెలుగులో చెబుతున్నాను. బొమ్మను ముట్టుకుంటే దాన్నే ఆడాలి. సర్దాలనుకుంటే ముందే చెప్పి సర్దాలి. ఏ చేత్తో ఎత్తు వేస్తారో ఆ చేత్తోనే గడియారం నొక్కాలి. రెండో పేజీలో బంటు మారే రూలు వచ్చింది. నోరు తెరిచాను. ఎదురుగా గనిలో దగ్గరుండి పని చేయించే ఓవర్‌మెన్లు, సర్వేయర్లు, ఇద్దరు అండర్ మేనేజర్లు. ఇంత చిన్న సంగతి చెబితే నవ్వుతారనిపించింది. ఖమ్మం హాలు కళ్లముందుకు వచ్చింది. అంతలో వెల్ఫేర్ ఆఫీసర్ గారు, "జల్దీ కానియ్యండమ్మా, మేనేజర్ గారు మొదటి ఎత్తు వేసి పోవాలె" అన్నారు. నేను పేజీ తిప్పేశాను. తొందరపెట్టింది ఆయనే, కానీ పేజీ తిప్పిన చెయ్యి నాది. అక్కడ ఆ రూలు వినాల్సిన అవసరం ఎవరికుంటుందని నాకు నేనే చెప్పుకున్నాను. నా సంగతే నాకు గుర్తు రాకపోవడం చూడండి.

ఐదు రౌండ్లు, స్విస్ పద్ధతి. అంటే ఒక్కో రౌండులో సమానంగా పాయింట్లున్న వాళ్లను జోడీ కడతారు, ఎవరూ మధ్యలో ఇంటికి పోరు. గెలిస్తే ఒకటి, డ్రా అయితే అర. నాలుగు రౌండ్లయ్యేసరికి సర్వేయర్ రవికి నాలుగు పాయింట్లు, ఓదెలుకు మూడున్నర. రవి మధిర అబ్బాయి, పాతికేళ్లుంటాయి, కాలేజీ రోజుల్లో చాంపియన్, మర్యాదస్థుడు. ఆఖరి రౌండు వాళ్లిద్దరి మధ్యే. రవికి డ్రా చాలు. ఓదెలు గెలిచి తీరాలి.

ఆదివారం పొద్దున తొమ్మిదికి గడియారం నొక్కాను. రవి పుస్తకంలోని ఎత్తులు గబగబా వేశాడు. ఓదెలు ప్రతి ఎత్తుకూ రెండు అరచేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని ఆలోచించాడు. మధ్యాహ్నానికి చుట్టుపక్కల బల్లలన్నీ ఖాళీ అయ్యాయి, అందరూ వీళ్ల చుట్టూ చేరారు. మాట్లాడొద్దని నాలుగైదుసార్లు చెప్పాల్సి వచ్చింది.

"సర్వేయర్ సారూ, కొలతలు తప్పినయి గదా" అని వెనక నుంచి ఒకడు గొణిగితే, పక్కవాడు, "ఊకోర, అమ్మ బయటికి పంపుతది" అన్నాడు.

అరవయ్యో ఎత్తు దాటేసరికి ఓదెలుకు రాజూ ఒక బంటూ, రవికి రాజూ ఒక బంటూ మిగిలాయి. రవి బంటు పలక అవతలి అంచున, ఇంకా ఐదు అడుగుల దూరంలో ఉంది. ఓదెలు బంటు ఆఖరి గడికి ఒక్క అడుగు దూరంలో ఉంది, రవి రాజు దాన్ని ఆపలేడు. ఆట తెలిసిన ఎవరికైనా అయిపోయినట్టే. మంత్రిని పెట్టుకుంటే పది పదిహేను ఎత్తుల్లో ఆటకట్టు. రవి కాగితం మీద సంతకం పెట్టడానికి పెన్ను మూత తీశాడు కూడా. నేను మనసులో రాముడికి దండం పెట్టుకున్నాను. ఆర్బిటర్‌కు ఎవరి పక్షమూ ఉండకూడదు, అయినా పెట్టుకున్నాను.

ఓదెలు బంటును ఆఖరి గడిలోకి తోసి, దాన్ని తీసేసి, పక్కన పడున్న బొమ్మల్లోంచి గుర్రాన్ని తీసి అక్కడ పెట్టాడు. చెయ్యి తీసి గడియారం నొక్కాడు. కాగితం మీద గుర్రం గుర్తు చక్కగా రాశాడు.

రవి తలెత్తి చూశాడు. "ఓదెలన్నా, గుర్రమా?"

"మరి గుర్రం ఇంట్ల గుర్రం గాక ఏందయ్యా?" అన్నాడు ఓదెలు.

హాలు ఘొల్లున నవ్వింది. ఆయన తమాషా చేస్తున్నాడనుకున్నారు. నాకొక్కదానికే అర్థమైంది. ఆరేళ్లుగా ఎవరికీ తెలియకుండా ఎట్లా గడిచిందో తర్వాత ఆలోచిస్తే తెలిసింది. ఆయన ఆటలు ఎక్కువగా బంటు మారకముందే ముగిసేవి. మారిన ఒకటి రెండుసార్లూ రాజు ఇంట్లోనో, ఏనుగు ఇంట్లోనో మారింది. ఏనుగు పెట్టినా గెలుపు గెలుపే. ఎదుటివాళ్లు సరదాకు పెట్టాడనుకుని ఊరుకున్నారు.

నేను గడియారం ఆపాను. తగాదా వస్తే మొదట చేయాల్సింది అది. ఇద్దరి కాగితాలూ తీసుకుని చూశాను.

రవి మెల్లగా అన్నాడు, "మేడం, ఆయనకు తెలియక పెట్టారు. మంత్రిని తీసుకోమనండి. నాకేమీ అభ్యంతరం లేదు."

ఆ అబ్బాయి ఆ మాట అనకపోతే నా పని సులువయ్యేది. ఈ రోజుకీ అతని మీద గౌరవం ఉంది. కానీ రూలు స్పష్టం. బొమ్మను గడిలో పెట్టి, చెయ్యి తీసి, గడియారం నొక్కాక ఆ ఎత్తు పూర్తయినట్టే. ఎదుటివాడు ఒప్పుకున్నా వెనక్కి తీయడానికి లేదు. ఎందుకంటే ఆ ఆట ఇద్దరిదే కాదు, దాని ఫలితం మిగతా పద్నాలుగుమంది స్థానాల మీద పడుతుంది. ఇద్దరూ మాట్లాడుకుని మార్చుకోవచ్చంటే ఇక పోటీ అనేదే ఉండదు.

"కుదరదు. గుర్రమే ఉంటుంది. ఆట సాగించండి" అన్నాను.

ఓదెలు నా ముఖంలోకి ఒకసారి చూశాడు. ఏదో పొరపాటు జరిగిందని అప్పుడు అర్థమైంది ఆయనకు. ఏమిటని అడగలేదు, అప్పుడు నడుస్తున్నది రవి గడియారం, ఎదుటివాడి సమయంలో మాట్లాడకూడదు. ఒక్క గుర్రంతో, ఇంకే బొమ్మా లేకుండా, ఎదుటి రాజును కట్టడం ఎవరివల్లా కాదు. పైగా రవి బంటు ఇప్పుడు పరుగు మొదలుపెట్టింది. అది మంత్రి అయితే ఓదెలు ఓడిపోతాడు కూడా. రెండు చేతులూ మళ్లీ మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. గుర్రాన్ని పలక మధ్యకు దూకించాడు, అక్కడి నుంచి ఇంకో దూకు, ఇంకో దూకు. బంటు ఆఖరి గడికి ఒక్క అడుగు దూరంలోకి రాగానే నాలుగో దూకులో దాన్ని కొట్టాడు. ఎవరూ నవ్వలేదు అప్పుడు. డ్రా. రవికి నాలుగున్నర, ఓదెలుకు నాలుగు.

చేతులు కలిపాక, కాగితం మీద సంతకం పెట్టేముందు అడిగాడు, "అమ్మా, గా రూలు ఏడుంది?"

రెండో పేజీ తీసి చూపించాను. చదివి చెప్పమన్నాడు. చదివాను.

"గిది ఆ రోజు మీరు చదవలే గదా."

"చదవలేదు."

"మీకు తెల్వకనా?"

"తెలుసు."

"తెలిసి సుత చదవలేదా?"

చుట్టూ మనుషులున్నారు. అందరూ విన్నారు. "అవును, తెలిసే వదిలేశాను" అన్నాను. ఆయన సంతకం పెట్టి, కాగితం నాకిచ్చి, బల్ల పట్టుకుని లేచాడు.

ఆ సాయంత్రం వాళ్ల క్వార్టరుకు వెళ్లాను. ఎందుకు వెళ్లానో, వెళ్లి ఏం చెప్పాలో సరిగ్గా తెలియదు. ఓదెలు మంచం మీద కాళ్లు చాపుకుని ఉన్నాడు, భార్య రాజవ్వ ఉప్పు కాపడం పెడుతోంది. నన్ను చూసి కూర్చోమనలేదు.

"ఏందమ్మా, నువ్వు సదువుకున్నదానివి, పొద్దున లేస్తే దేవునికి దీపం పెట్టేదానివి. గా ఒక్క ముక్క చదువుతే నీ నోట్లె ముత్యాలు రాలుతుండెనా?" అంది.

"ఊకోయే. గుర్రం పెట్టింది నేనా ఆమెనా?" అన్నాడు ఓదెలు.

"గుర్రమో గాడిదో నాకేమెరుక? రేపు మళ్ల బాయిల దిగేది నువ్వే గదా. ఆమె దిగుతదా?"

అప్పుడు నేను ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పనిది వాళ్లకు చెప్పాను. ఇంట్లో నాన్న దగ్గర నేర్చుకున్న సంగతి, ఖమ్మంలో శకటు పెట్టిన సంగతి, అందరూ నవ్విన సంగతి, ఆ సిగ్గుతోనే పేజీ తిప్పేసిన సంగతి. రాజవ్వ కాపడం మూట దించి నా వైపు చూసింది. "సిగ్గు నీది, మోకాళ్లు మావి" అంది. అరవకుండానే అంది. లేచి వెళ్లి మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది.

సోమవారం రిపోర్టు రాశాను. ఆర్బిటర్ రిపోర్టులో ఫలితాలు, తగాదాలు, తీర్పులు రాయాలి. నేను ఇంకో పేరా చేర్చాను. రూల్స్ వినిపించేటప్పుడు బంటు మారే రూలు నేను చదవలేదనీ, ఆఖరి ఆటలో పొరపాటుకు అది కారణమనీ, ఆట మళ్లీ ఆడించమని కమిటీని కోరుతున్నాననీ. వెల్ఫేర్ ఆఫీసర్ గారు చదివి తల పట్టుకున్నారు.

"ఎవరూ కంప్లైంట్ ఇయ్యలేదు. మీ మీద మీరే ఎందుకు రాసుకుంటున్నరమ్మా? ఈ పేరా తీసెయ్యండి, నేను సంతకం పెడ్త."

తీయలేదు. రవి కూడా మళ్లీ ఆడటానికి తనకు సమ్మతమేనని ఒక ఉత్తరం రాసి జతచేశాడు. రిపోర్టు పైకి వెళ్లింది. పదిరోజులకు జవాబు వచ్చింది. టీమ్ పేర్లు ఇప్పటికే పంపేశాము, ఫలితం మారదు, ఈ ఆర్బిటర్‌ను ఏడాదిపాటు పిలవొద్దు. అంతే ఉంది అందులో. నాకు పడ్డ శిక్ష న్యాయమే. ఓదెలుకు దక్కాల్సినది మాత్రం దక్కలేదు.

ఆ వారం సెలవు పెట్టి భద్రాచలం వెళ్లాను. ఎప్పుడు వెళ్లినా ఏదో ఒకటి అడిగే అలవాటు. ఆ రోజు క్యూలో నిలబడి దర్శనం చేసుకుని, ఏమీ అడక్కుండా తిరిగి వచ్చాను. అడిగే హక్కు లేదనిపించింది. కిందికి దిగేది ఆయనైతే, దేవుడి ముందు నా మనసు తేలిక చేసుకోవడం కూడా ఒక స్వార్థమే.

మరుసటి ఏడు ఖమ్మం సారు ఆరోగ్యం బాగుపడి ఆయనే ఆర్బిటర్‌గా వచ్చారు. నేను ఆటగత్తెగా పేరిచ్చాను. ఆయన నాలుగు రూల్స్ ఇంగ్లీషులో గబగబా చదివి, "మిగతావి మీకందరికీ తెలిసినవే" అని కాగితాలు మడిచారు. అప్పుడు వెనక వరసలోంచి ఓదెలు లేచాడు.

"సార్, ఆగుండ్రి. అన్ని చదవాలె. ఒక్కటి సుత ఇడిశిపెట్టొద్దు. తెలుగుల చెప్పాలె."

"ఇప్పుడు తెలుగులో ఎవరు చెబుతారయ్యా?" అన్నారు సారు విసుగ్గా.

ఓదెలు నా వైపు చెయ్యి చూపించాడు. "ఆమె చెప్తది. ఆమెకు రెండాటలు తెలుసు. ఇంటాట తెలుసు, గీ ఆట తెలుసు. రెంటికీ తేడా ఏడుందో చెప్పమనుండ్రి."

లేచి నిలబడ్డాను. మూడు పేజీలూ చదివాను. ఒక్కో రూలు దగ్గర, మా ఇంట్లో నాన్న ఎట్లా ఆడించేవారో, ఇక్కడ ఎట్లా ఆడాలో చెప్పాను. మొదట ఒకరిద్దరు నవ్వారు. రాజు గుర్రంలా దూకడం పోటీల్లో లేదన్నప్పుడు, పదేళ్లుగా ఆడుతున్న ఒక ఓవర్‌మన్ చెయ్యెత్తి, "లేదా? ఎప్పుడు తీసేసిండ్రు?" అన్నాడు. బంటు మారే రూలు దగ్గర ఇంకో ఇద్దరు తమకూ తెలియదన్నారు. నేను నవ్వుతారని భయపడిన హాలులోనే నాలాంటి వాళ్లు ముగ్గురు, ఓదెలుతో కలిపి నలుగురు కూర్చుని ఉన్నారు. ఎవరికి వారే దాచుకుని కూర్చున్నారు.

ఓదెలు ఆ ఏడు నాలుగో రౌండులో ఓడిపోయాడు. ఏరియా చాంపియన్ ఎప్పుడూ కాలేదు. ఇంకో ఏడాదికి మోకాళ్లు పూర్తిగా పట్టేశాక మెడికల్ బోర్డు అన్‌ఫిట్ రాసి పైన యార్డులో పని ఇచ్చింది. అంటే నేను పేజీ తిప్పినందుకు ఆయన రెండేళ్లు అదనంగా ఆ ఏటవాలు ఎక్కాడు. ఈ లెక్కను నేను తగ్గించి చెప్పుకోను. రిటైరయ్యేదాకా ఆడాడు, నేల మీద కూర్చోలేక బెంచీ మీద కూర్చుని. తర్వాత సొంత ఊరికి వెళ్లిపోయాడు. చనిపోయాడని కొంతకాలం తర్వాత ఎవరో చెప్పారు.

నాకు మళ్లీ ఆర్బిటర్ పని ఇచ్చారు, రిటైరయ్యేదాకా చేశాను. ఆ ఉదంతం నాకు నేర్పింది ఇది. రూల్స్ చదివేది తెలిసినవాళ్ల కోసం కాదు. తెలియనివాడు తెలియదని చెయ్యెత్తడు, తెలియదన్న సంగతే అతనికి తెలియదు. చదివేవాళ్లు తమ పరువు చూసుకుని ఒక్క వాక్యం మింగేస్తే, దాని ఫలితం వాళ్ల మీద పడదు, ఇంకొకరి మీద పడుతుంది. తర్వాత నేను పెట్టిన ప్రతి పోటీలోనూ మూడు పేజీలూ చదివాను. ఇరవై నిమిషాలు పట్టేది. ఎవరు తొందరపెట్టినా ఇరవై నిమిషాలూ తీసుకున్నాను.

కంపెనీ టీమ్ ఫొటోల్లో ఓదెలు ఉండడు. చాంపియన్ల బోర్డు మీద ఆయన పేరు లేదు. తనకు జరిగిన నష్టానికి కారణమైన మనిషినే పదిమందిలో నిలబెట్టి, ఆమెకు తెలుసు, ఆమెనే చెప్పమనండి అన్నాడు ఆయన. ఇది చదివినవాళ్లు ఎప్పుడైనా నలుగురి ముందు ఏదైనా చదివి వినిపించాల్సి వస్తే, పేజీ తిప్పేముందు మా కోల్ ఫిల్లర్ ఓదెలును ఒక్కసారి తలుచుకోమని కోరుతున్నాను.